మా హాల్లో ఆల్బర్ట్ నమట్జీరా

అడిలైడ్‌కు వచ్చిన కొత్తలో మాది బోసి గోడల అద్దె ఇల్లు. ఇండియా నుంచి సూట్‌కేసుల్లో ప్రెషర్ కుక్కర్, పోపుల డబ్బా, దేవుడి పటం వచ్చాయి గానీ హాల్లో తగిలించుకోవడానికి ఏమీ రాలేదు. ఒక శనివారం సెకండ్ హ్యాండ్ సామాన్ల దుకాణంలో కుర్చీలు వెతుకుతుంటే మూలన ఒక పాత ఫ్రేము కనిపించింది. ధర ఆరు డాలర్లు. ముందు తెల్లటి మానుతో వంపు తిరిగిన చెట్టు, దాని వెనుక ఎర్ర నేల, ఆ వెనుక ఊదారంగు కొండలు. మా ఆవిడది కర్నూలు జిల్లా. చూడగానే తమ వైపు ఎర్రమల కొండల్లా ఉన్నాయంది. చెట్టును ఇద్దరం గుర్తుపట్టాం. మన ప్రకాశం, ఖమ్మం వైపు తోటలు తోటలుగా కనిపించే జామాయిల్‌కు దగ్గరి చుట్టం. జామాయిల్‌కు పుట్టిల్లు ఈ దేశమే కదా. కొని తెచ్చి తగిలించేశాం.

ఎవరో తెల్లవాళ్లు వేసిన బొమ్మ అనుకున్నాను. మూడు నాలుగేళ్ల దాకా కింద ఉన్న సంతకం కూడా చదవలేదు. ఒక సంక్రాంతికి అరిసెలు పెడదామని పక్కింటి పెద్దాయనను పిలిస్తే, ఆయన ప్లేటు చేత్తో పట్టుకుని ఆ పటం ముందే నిలబడిపోయారు. తన చిన్నప్పుడు వాళ్ల ఇంట్లో కూడా నమట్జీరా బొమ్మ ఉండేదని, వాళ్లమ్మకు అదంటే ప్రాణమని చెప్పారు. పాపం, చివరికి ఆ మనిషిని జైల్లో వేశారని కూడా అన్నారు. ఇంట్లో గోడ మీద పెట్టుకున్న వాణ్ణి జైల్లో ఎందుకు వేస్తారు? ఆ రాత్రి చదవడం మొదలుపెట్టాను. తెలుసుకున్నది మన పేజీ పాఠకులతో పంచుకోవాలనిపించింది. ఎందుకంటే ఈ కథలో పౌరసత్వం ఉంది, సంపాదించే ఒక్కడి మీద ఆధారపడ్డ బంధువర్గం ఉంది, పరాయి విద్య నేర్చుకుంటే మన తనం పోతుందా అనే ప్రశ్న ఉంది. మూడూ మన ఇళ్లలో రోజూ వినిపించే మాటలే.

పేరు మారిన పిల్లవాడు

ఆయన 1902 జులై 28న ఆస్ట్రేలియా నడిబొడ్డున హెర్మన్స్‌బర్గ్ అనే చోట పుట్టారు. ఆలిస్ స్ప్రింగ్స్ ఊరికి పడమరగా సుమారు 130 కిలోమీటర్ల దూరం. అక్కడి ఆదివాసుల మాటలో ఆ ఊరు న్టారియా. జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ నుంచి వచ్చిన లూథరన్ మిషనరీలు 1877లో అక్కడ మిషన్ పెట్టి తమ ఊరి పేరే పెట్టుకున్నారు. అదే హెర్మన్స్‌బర్గ్ సంస్థ మిషనరీలు అంతకు ముందే, 1860ల్లో, మన నెల్లూరు ప్రాంతంలోని సూళ్లూరుపేట, నాయుడుపేటలకు కూడా వచ్చారు. ప్రపంచం ఎంత చిన్నదో అనిపించింది.

పిల్లవాడికి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఎలియా. వాళ్లు 1905లో క్రైస్తవంలో చేరినప్పుడు ఆల్బర్ట్ అయ్యాడు. నమట్జీరా అనేది తండ్రి పేరు. తొలినాళ్ల చిత్రాల మీద ఆల్బర్ట్ అని మాత్రమే సంతకం ఉండేది. తర్వాత తండ్రి పేరు జత చేసుకున్నారు. పాస్‌పోర్టులో ఇంటిపేరు, సొంత పేరు తారుమారై ఆఫీసులో అందరూ ఇంటిపేరుతో పిలుస్తుంటే పలికే మనకు, సంతకంలో తండ్రి పేరు రావడం ఎంత మాటో తెలుసు.

ఆయనది పశ్చిమ అరండ తెగ. మిషన్ బడిలో చదువుకుంటూనే, పదమూడేళ్ల వయసులో పెద్దలు అడవికి తీసుకెళ్లి తమ ఆచారం ప్రకారం దీక్ష ఇచ్చారు. ఆ నెలల్లోనే తన నేల కథలు, కట్టుబాట్లు నేర్చుకున్నారు. బైబిలు ఒక చేత, కొండల పురాణం ఒక చేత పట్టుకుని పెరిగిన మనిషి.

పద్దెనిమిదేళ్లప్పుడు ఇల్కలిటా అనే అమ్మాయిని ఇష్టపడి మిషన్ విడిచి వెళ్లి పెళ్లి చేసుకున్నారు. ఆమెది కుకట్జా తెగ. మనకు సగోత్రం పనికిరానట్టే వాళ్లకూ ఎవరు ఎవరిని చేసుకోవచ్చో చెప్పే వరసలు ఉన్నాయి. ఈ పెళ్లి ఆ వరసకు సరిపడలేదు. ఫలితం, వెలి. కొన్నేళ్లు బయటే ఉండి ఒంటెలు తోలి బతికారు. ఆస్ట్రేలియాలో ఒంటెలేమిటి అనుకోవద్దు. రైళ్లు లేని ఎడారి దారుల్లో సరుకులు మోయడానికి బ్రిటిష్ వాళ్లు 19వ శతాబ్దంలో అఫ్గానిస్తాన్ నుంచీ, నాటి బ్రిటిష్ ఇండియా నుంచీ ఒంటెలను, వాటిని తోలేవాళ్లను తెప్పించారు. సామ్రాజ్యం ఒక చోటి జంతువునూ మనిషినీ మరో చోట దింపేసిన రోజులవి. 1923లో ఆ జంట మిషన్‌కు తిరిగి వచ్చింది. ఆమె రుబీనా అయింది.

ఒంటెల దారిలో రంగులు

మిషన్‌లో ఆల్బర్ట్ చేయని పని లేదు. కమ్మరి పని, వడ్రంగం, పశువుల కాపలా. కర్ర బూమరాంగుల మీద కాల్చిన ఇనుముతో బొమ్మలు గీసి అమ్మేవారు. 1934లో రెక్స్ బాటర్బీ, జాన్ గార్డ్‌నర్ అనే ఇద్దరు తెల్ల చిత్రకారులు అక్కడికి వచ్చి తమ చిత్రాలు ప్రదర్శించారు. తన కళ్ల ముందున్న కొండలే కాగితం మీద కనిపించేసరికి ఆల్బర్ట్‌కు తానూ వేయాలనిపించింది.

1936లో బాటర్బీ మళ్లీ వచ్చినప్పుడు ఒప్పందం సూటిగా కుదిరింది. ఆల్బర్ట్ ఒంటెలు తోలి దారి చూపాలి, బాటర్బీ నీటిరంగులు నేర్పాలి. పామ్ వ్యాలీ, మెక్‌డొనెల్ కొండల వైపు రెండు నెలల ప్రయాణం. ఒకరు రంగులు ఎలా కలపాలో నేర్పారు. ఇంకొకరు నేల ఎక్కడుందో చూపించారు. మరుసటి ఏడాది, 1937లో, బాటర్బీ తన అడిలైడ్ ప్రదర్శనలో శిష్యుడి చిత్రాలు మూడు పెట్టారు.

ఇది చదువుతుంటే నాకు రాజమండ్రి గుర్తుకొచ్చింది. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లిషు దొర మన దామెర్ల రామారావు చేతిలోని విద్యను గుర్తించి ప్రోత్సహించారు. దామెర్ల బొంబాయి వెళ్లి పాశ్చాత్య పద్ధతి నేర్చుకుని గోదావరి మనుషులను గీశారు. 1925లో మశూచితో, 28 ఏళ్లు నిండకుండానే పోయారు. పాలించే వాళ్ల చేతి నుంచి కుంచె తీసుకున్నంత మాత్రాన వేసే బొమ్మ వాళ్లది అయిపోదు. దామెర్ల వేసింది తెలుగు నేలే, నమట్జీరా వేసింది అరండ నేలే.

1938లో మెల్‌బోర్న్‌లో నమట్జీరా తొలి సొంత ప్రదర్శన జరిగింది. 41 చిత్రాలూ మూడు రోజుల్లో అమ్ముడుపోయాయి. 1939లో మా అడిలైడ్‌లోని ఆర్ట్ గ్యాలరీ ఆఫ్ సౌత్ ఆస్ట్రేలియా ఆయన చిత్రం కొన్నది. 1944లో ఆస్ట్రేలియా ప్రముఖుల వివరాల పుస్తకం హూజ్ హూలో పేరు ఎక్కింది. ఆ పుస్తకంలో చోటు దక్కిన తొలి ఆదివాసి ఆయనే. జీవితం మొత్తంలో సుమారు రెండు వేల చిత్రాలు వేశారు. వాటి ప్రింట్లు దేశమంతా ఇంటింటికీ చేరాయి. మా ఆరు డాలర్ల ఫ్రేము ఆ వరదలో కొట్టుకొచ్చిన చుక్క.

కొండలు ఎవరివి?

మెచ్చుకున్నవాళ్లు ఎందుకు మెచ్చుకున్నారన్నది అసలు సంగతి. ఆదివాసులు తమ పద్ధతులు వదిలి తెల్లవాళ్ల జీవితంలో కలిసిపోవాలన్నది అప్పటి ప్రభుత్వ విధానం. చూడండి, నేర్పితే మనలాగే వేస్తున్నాడు అని చూపించడానికి నమట్జీరా మంచి ఉదాహరణ అయ్యారు. మరోవైపు కళా విమర్శకుల్లో కొందరు పెదవి విరిచారు. ఇది యూరప్ పద్ధతికి నకలు, ఇందులో ఆదివాసితనం ఏదీ అన్నారు. పొగిడినవాళ్లూ తెగిడినవాళ్లూ చూసింది రంగులు కలిపే పద్ధతినే. కొండను చూసినవాళ్లు తక్కువ.

మనం తిరుమల కొండను చూస్తే రాళ్లూ చెట్లూ మాత్రమే కనిపించవు. శేషాచలం మనకు ఆదిశేషుడు. అరండ వాళ్లకూ అంతే. వాళ్ల కొండలూ గుంటలూ మాన్లూ ఆదిలో తిరిగిన పూర్వీకుల జాడలు. నమట్జీరా పదే పదే వేసిన గ్లెన్ హెలెన్, మౌంట్ సోండర్, పామ్ వ్యాలీ ఆయన అందం చూసి ఎంచుకున్న పిక్నిక్ స్థలాలు కావు. తాను పుట్టిన నేల, తన వాళ్ల నేల. దేవాలయం లోపలికి కెమెరా తీసుకెళ్లనివ్వనట్టు, తమ వాళ్లు తప్ప ఇతరులు చూడకూడని చిహ్నాలు ఆ సంస్కృతిలో ఉన్నాయి. నీటిరంగుల్లో ఆయన కొండ రూపాన్ని అందరికీ చూపించారు. దాని అంతరార్థం తన వాళ్లకు తెలుసు.

బ్రిటిష్ వాళ్లు ఈ ఖండాన్ని ఎవరిదీ కాని నేల అన్న లెక్కతో ఆక్రమించారు. ఆ లెక్క తప్పని ఆస్ట్రేలియా హైకోర్టు 1992లో మాబో కేసులో తేల్చింది. అంతకు అర్ధ శతాబ్దం ముందే ఒక మనిషి ఆ నేలను అంగుళం అంగుళం తెలిసినవాడిగా గీసి, కింద తండ్రి పేరుతో సంతకం పెట్టి, తెల్లవాళ్ల హాళ్లలో తగిలించాడు. నినాదం రాయలేదు, జెండా పట్టలేదు. ఇంతకన్నా గట్టిగా ఈ నేల మాది అని ఎలా చెప్పాలి?

రాణి పతకం, ఇంటికి లేని అనుమతి

1953లో ఎలిజబెత్ రాణి పట్టాభిషేక పతకం ఇచ్చారు. 1954లో రాణి ఆస్ట్రేలియా వచ్చినప్పుడు ఆయనను విమానంలో కాన్‌బెర్రాకు పిలిపించి పరిచయం చేశారు. విలియం డార్గీ వేసిన ఆయన ముఖచిత్రానికి 1956 ఆర్చిబాల్డ్ బహుమతి వచ్చింది. ఈ దేశంలో పోర్ట్రెయిట్‌లకు అంతకన్నా పేరున్న బహుమతి లేదు.

అదే మనిషి పశువులు మేపుకోవడానికి భూమి లీజుకు అడిగితే కుదరదన్నారు. 1951లో ఆలిస్ స్ప్రింగ్స్‌లో ఇల్లు కట్టుకుంటానంటే ఆదివాసులకు అనుమతి లేదన్నారు. సంపాదన మీద ఆదాయ పన్ను మాత్రం కట్టించుకున్నారు. దేశమంతా గోడల మీద పెట్టుకున్న చిత్రకారుడు ఊరి చివర మోరిస్ సోక్ అనే చోట గుడిసెలో ఉన్నారు. వచ్చిన డబ్బు నిలవలేదు. అరండ వాళ్లలో ఉన్నవాడు లేనివాళ్లకు పెట్టడం దయ కాదు, విధి. ఒక్కడు సంపాదిస్తే చుట్టం పక్కం అంతా ఆ నీడకు చేరుతారు. నెల మొదటి వారంలో ఊరికి డబ్బు పంపే మనకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు.

పేరు లేకపోవడమే పౌరసత్వం

1957లో ఆయనకు, రుబీనాకు పౌరసత్వం ఇచ్చారని పత్రికలు రాశాయి. ఎలా ఇచ్చారో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. కాగితం మీద 1949 నుంచే ఆదివాసులు ఆస్ట్రేలియా పౌరులు. హక్కులే లేవు. నార్తర్న్ టెరిటరీలో 1953లో చేసిన సంక్షేమ చట్టం ప్రకారం ఆదివాసులను ప్రభుత్వ సంరక్షణలోని వాళ్లుగా, అంటే మైనర్ పిల్లల మాదిరిగా, ఒక రిజిస్టర్లో రాశారు. ఎక్కడ ఉండాలి, ఎవరిని చేసుకోవాలి, ఆస్తి ఏం చేయాలి, అన్నిటికీ అధికారి అనుమతి కావాలి. మద్యం తాగకూడదు. 1957లో ఆ రిజిస్టర్ అమల్లోకి వచ్చినప్పుడు ఈ దంపతుల పేర్లు అందులో చేర్చలేదు. అంతే. జాబితాలో పేరు లేకపోవడమే పౌరసత్వం. వాళ్ల పిల్లలు, బంధువులు మాత్రం జాబితాలోనే మిగిలారు.

మాకు పౌరసత్వం వచ్చిన రోజు గుర్తుంది. కౌన్సిల్ హాల్లో ప్రమాణం, సర్టిఫికెట్, టీ, బిస్కట్లు, ఇంటికి తీసుకెళ్లడానికి ఒక చిన్న మొక్క. పట్టు చీరల్లో ఫొటోలు. అప్పటికి మేం ఈ దేశానికి వచ్చి ఆరేళ్లు కాలేదు. నమట్జీరా పూర్వీకులు వేల తరాలుగా ఇక్కడే ఉన్నారు. ఆయనకు హక్కులు దక్కేనాటికి ఆయనకు 54 ఏళ్లు. పైగా తెల్లవాళ్లకే తలుపు తెరిచిన ఆ విధానం 1970ల దాకా పూర్తిగా పోలేదు. ఆయన కాలంలో మన బోటివాళ్లకూ ఇక్కడ చోటు లేదు. ఆ సర్టిఫికెట్ మా ఇంట్లో ఇప్పటికీ ఫైల్లో భద్రంగా ఉంది. ఈ కథ తెలిశాక దాన్ని చూసే చూపు మారింది.

పౌరుడు కాబట్టి నమట్జీరా మద్యం కొనవచ్చు. జాబితాలో ఉన్న బంధువుకు ఒక గుక్క ఇస్తే నేరం. తన దగ్గరున్నది పంచుకోకపోతే తమ ధర్మం ప్రకారం తప్పు, పంచుకుంటే చట్టం ప్రకారం తప్పు. 1958లో తాగుడు గొడవల్లో ఆ శిబిరంలో ఒక స్త్రీ చనిపోయాక పోలీసుల నిఘా పెరిగింది. తోటి చిత్రకారుడైన బంధువుకు మద్యం అందించారన్న ఆరోపణపై ఆయనకు ఆరు నెలల కఠిన శిక్ష పడింది. దేశమంతా గగ్గోలు పుట్టింది. పై కోర్టు శిక్షను మూడు నెలలకు తగ్గించింది. హైకోర్టు జోక్యం చేసుకోలేదు. జైలుకు బదులు పాపున్యా అనే ఆదివాసీ కేంద్రంలో రెండు నెలలు ఉంచి 1959లో విడిచిపెట్టారు. అప్పటికే మనిషి కుంగిపోయారు. ఆగస్టు 8న ఆలిస్ స్ప్రింగ్స్ ఆసుపత్రిలో కన్నుమూశారు. వయసు 57.

ఎనిమిది వేల అయిదు వందల డాలర్లు

సాఫ్ట్‌వేర్ వాణ్ణి కాబట్టి తర్వాతి సంగతి నన్ను ఎక్కువ బాధించింది. ఉద్యోగంలో చేరిన రోజే, నేను రాసే ప్రతి లైను కోడూ కంపెనీదే అని సంతకం పెట్టాను. ఏం ఇస్తున్నానో తెలిసే ఇచ్చాను, జీతం వస్తోంది. నమట్జీరా 1957లో లెజెండ్ ప్రెస్ అనే ప్రచురణ సంస్థతో ఒప్పందం చేసుకున్నారు. ప్రింట్లు వేసుకునే హక్కు వాళ్లది, కుటుంబానికి పన్నెండున్నర శాతం రాయల్టీ. 1983లో ఆయన ఆస్తి వ్యవహారాలు చూసే ప్రభుత్వ ట్రస్టీ మొత్తం కాపీరైట్‌ను అదే సంస్థకు 8,500 డాలర్లకు అమ్మేశారు. ఆ తర్వాత తాత బొమ్మ క్యాలెండర్ మీద వచ్చినా, పుస్తకం మీద వచ్చినా మనవలకు హక్కు లేదు.

కుటుంబం, దానికి అండగా నిలిచిన కళాకారులు, లాయర్లు ఏళ్ల తరబడి పోరాడితే 2017లో ఆ కాపీరైట్ నమట్జీరా లెగసీ ట్రస్ట్‌కు తిరిగి వచ్చింది. వ్యాపారవేత్త డిక్ స్మిత్ మధ్యవర్తిత్వం చేసి, ట్రస్టుకు రెండున్నర లక్షల డాలర్ల విరాళం కూడా ఇచ్చారు. చిత్రకారుడు పోయిన 70 ఏళ్లకు కాపీరైట్ ముగుస్తుంది కాబట్టి మిగిలింది కొద్ది కాలమే. అయినా ఇంటి తాళం ఇంటికి చేరింది.

మళ్లీ పాపున్యా

ఆయన శిక్ష అనుభవించిన పాపున్యాలోనే, పన్నెండేళ్ల తర్వాత, 1971లో, జెఫ్రీ బార్డన్ అనే యువ టీచర్ ప్రోత్సాహంతో ఆదివాసీ పెద్దలు తమ కథలను గోడ మీద, బోర్డుల మీద చుక్కలతో, వలయాలతో వేయడం మొదలుపెట్టారు. ఈరోజు ఎయిర్‌పోర్టుల్లో, మ్యూజియాల్లో మనం చూసే ఎడారి చిత్రకళ ఉద్యమం అక్కడ పుట్టింది. బొమ్మలు వేసి బతకవచ్చని ఆ నేలకు ముందే చూపించిన మనిషి నమట్జీరా. ఒకప్పుడు నకలు అన్న గ్యాలరీలే తర్వాత ఆయన చిత్రాల ముందు మళ్లీ నిలబడ్డాయి. ఆయన శత జయంతి సందర్భంగా 2002లో కాన్‌బెర్రా నేషనల్ గ్యాలరీ పెద్ద ప్రదర్శన పెట్టింది.

ఆయన మునిమనవడు విన్సెంట్ నమట్జీరా కూడా చిత్రకారుడే. ఆయనది వేరే దారి. రాణిని, కెప్టెన్ కుక్‌ను, దేశ నాయకులను కొంటె నవ్వుతో గీసి, వాళ్ల పక్కన తనను తాను నిలబెట్టుకుంటారు. ముత్తాతను గీసిన తెల్ల చిత్రకారుడికి ఆర్చిబాల్డ్ బహుమతి వస్తే, 2020లో ఫుట్‌బాల్ ఆటగాడు ఆడమ్ గుడ్స్‌తో తనను కలిపి గీసిన చిత్రానికి ఆ బహుమతి విన్సెంట్‌కే వచ్చింది. దాన్ని గెలిచిన తొలి ఆదివాసీ ఆయనే. ముత్తాత రాణి ముందు నిలబడితే, మునిమనవడి కాన్వాసు ముందు రాణి నిలబడింది.

మన పిల్లలు ఇంగ్లిషు యాసలో తెలుగు మాట్లాడితే, ఇంకేం తెలుగు అని పెద్దవాళ్లం నిట్టూరుస్తాం. నేనూ అన్నవాణ్ణే. ఇప్పుడు కొంచెం ఆగుతున్నాను. చేతిలో పరాయి కుంచె ఉన్నా నమట్జీరాకు తన కొండ తెలుసు కాబట్టి అది తన కొండగానే వచ్చింది. పిల్లలకు యాస దిద్దడం కన్నా కొండ చూపించడం ముఖ్యమేమో. మా అమ్మాయికి ఎర్రమల కొండలు చూపించి తీసుకొచ్చాం. మనం ఇప్పుడు ఉంటున్న నేల ఎవరి కొండలదో కూడా చెప్పాలి. రెండూ చెప్పకపోతే బాకీ ఉన్నట్టే.

సెలవుల్లో ఉలురు చూడటానికి ఆలిస్ స్ప్రింగ్స్ మీదుగా వెళ్లే మన కుటుంబాలు చాలా ఉన్నాయి. ఒక రోజు కలుపుకుని హెర్మన్స్‌బర్గ్ వెళ్లండి. సున్నం కొట్టిన పాత మిషన్ కట్టడాలు అలాగే ఉన్నాయి. ఆలిస్ స్ప్రింగ్స్‌లోని ఇల్ట్జా న్ట్జర్రా ఆర్ట్ సెంటర్లో నమట్జీరా వారసులు ఇప్పటికీ నీటిరంగులతో అవే కొండలు వేస్తున్నారు. బొమ్మ కొనాలనుకుంటే అక్కడ కొనండి, డబ్బు వేసినవాళ్లకు చేరుతుంది.

మా ఫ్రేము ఇంకా హాల్లోనే ఉంది. దాని కింద మా అమ్మాయి ఒక చిన్న అట్ట అంటించింది. మీద ఆల్బర్ట్ నమట్జీరా, న్టారియా అని ఇంగ్లిషులోనూ, వంకర అక్షరాలతో తెలుగులోనూ రాసింది. ఇంటికి వచ్చినవాళ్లు ఎవరిదీ బొమ్మ అని అడిగితే, ఇప్పుడు ఆ అమ్మాయే చెబుతోంది.